గాలి దిగుమతి చేసుకోరాదు

చింతలరేవు పేరులో రేవు ఉంది గానీ, అక్కడికి ఓడ వచ్చినట్టు బతికున్న వాళ్ళెవరికీ జ్ఞాపకం లేదు. సముద్రం ఎప్పుడో మనసు మార్చుకుని ఊరికి దూరంగా జరిగిపోయింది. ఊరు మాత్రం పేరు మార్చుకోలేదు, బోర్డులన్నీ మళ్ళీ రాయించాలి కదా అని. ఆ ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీదున్న వివాహాల రిజిస్ట్రారు కార్యాలయం మెట్లు ఒక సోమవారం పొద్దున్నే మృణాళిని ఎక్కింది. పెళ్ళి చేసుకోవడానికి.

ఆమెకి నలభై దాటాయి. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్. పెళ్ళికొడుకు సుదర్శనం హోమియో డాక్టరు. తుమ్ముల కోసం అతని దగ్గరికి వెళ్ళి రెండేళ్ళపాటు తెల్లమాత్రలు చప్పరించింది. తుమ్ములు తగ్గలేదు గానీ సంబంధం కుదిరింది.

చేతిలో రెండు దండలు, వెనకాల చట్టం అడిగిన ముగ్గురు సాక్షులు. ఇన్నిటితో లోపలికి వెళ్తే రిజిస్ట్రారు దక్షిణామూర్తి గారు లేచి నిలబడి, పరామర్శకి వచ్చినవాళ్ళని పలకరించినట్టు పలకరించారు.

"చూడమ్మా, మన కార్యాలయపు కెమెరా గత వారం మరణించినది."

పెళ్ళి తంతంతా ఇప్పుడు కంప్యూటరులోనే. వధూవరులని దాని నెత్తిమీదున్న బుల్లి కెమెరా ముందు నిలబెట్టి ఫోటో తీస్తే తప్ప ఆ కంప్యూటరు తరవాతి పేజీకి కదలదు. పురోహితుడైతే కాస్త సర్దుకుపోతాడు. ఇది సర్దుకుపోదు.

"కొత్తది తెప్పించలేదాండీ?" అంది మృణాళిని.

"నూతన కెమెరా ప్రస్తుతం పొదుపు దశలో ఉన్నది."

పొదుపు దశ అంటే ఏమిటో ఆయన కూర్చోబెట్టి మరీ వివరించారు. కంప్యూటరు సామాన్ల కొనుగోలులో ప్రతి కార్యాలయమూ పొదుపు చేసి చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక్కడ కొంటే ధర ధరలాగే ఉంటుంది, అందులో పొదుపు ఎక్కడ కనబడుతుంది? విదేశంలో అదే వస్తువు సగం ధర. అక్కడి దుకాణం వాడు ఇంత దూరం పంపనంటాడు. అందుకని సరుకు చేరవేసే కంపెనీ ఒకటి అక్కడి గోదాములో మనకో చిరునామా ఇస్తుంది. కొన్నవన్నీ ఆ చిరునామాకి చేరాక, ఒకే పెట్టెలో సర్ది ఇక్కడికి పంపిస్తుంది.

"అనగా, మన కార్యాలయానికి ఇప్పుడు విదేశంలో చిరునామా ఉన్నదమ్మా!" అన్నారు దక్షిణామూర్తి గారు. ఇక్కడి చిరునామా మాత్రం గోడ మీద చెరిగిపోయి, ఉత్తరాలు పక్కనున్న రొట్టెల దుకాణంలో పడుతున్నాయి.

మృణాళిని కిటికీలోంచి చూసింది. రోడ్డుకి సరిగ్గా అవతల బాషా కంప్యూటర్ షాపు. అద్దాల బీరువాలో, సెల్‌ఫోను కవర్ల పక్కన, నల్లగా గుడ్లగూబ కన్నులా ఒక కెమెరా ఇటే చూస్తోంది.

"అక్కడ ఉందిగా అండీ, కెమెరా?"

దక్షిణామూర్తి గారు కిటికీ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"అది స్థానికం."

వీధికుక్క గురించి కూడా అంత చిన్నచూపుగా ఎవరూ మాట్లాడరు.

"పొదుపు నిమిత్తం జరిగే ఆలస్యాన్ని ఆలస్యంగా పరిగణించరాదని ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అని ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

నిశ్చింతగా ఉండే వీలు సుదర్శనానికి లేదు. ఈ రకం పెళ్ళికి ముందు నోటీసు పెట్టాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవడానికి అది నెల్లాళ్ళు గోడకి వేలాడుతుంది. ఆ పైన, మొత్తం మూడు నెలల్లోగా పెళ్ళి అయిపోవాలి. లేకపోతే నోటీసు చెల్లదు, మళ్ళీ మొదటినుంచీ వేలాడదీయాలి. అతనికున్నది ఒక్కతే అక్క, కనకవల్లి. తల్లి పోయాక పెంచిందీ ఆవిడే, ఇరవయ్యేళ్ళుగా వచ్చిన ప్రతి సంబంధానికీ ఒక వంక పెట్టి తిప్పి పంపిందీ ఆవిడే. ఒకమ్మాయి పొట్టి, ఒకమ్మాయి మరీ చదువుకుంది, ఒకమ్మాయి నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి. ఆవిడ కాశీయాత్రకి బయల్దేరిన మర్నాడే సుదర్శనం జీవితంలో మొదటిసారి ధైర్యం చేసి నోటీసు పెట్టించాడు. ఆవిడ గంగలో మునకలేస్తుండగా అభ్యంతరాల గడువు దాటిపోయింది. ఇప్పుడు గనక నోటీసు రెండోసారి గోడెక్కితే, దాని కింద కుర్చీ వేసుక్కూర్చుని మరీ చదువుతుంది.

"అక్కయ్య వచ్చేసిందంటే నావల్ల కాదు మృణాళిని గారూ" అన్నాడు మెట్ల మీద. పెళ్ళి కుదిరినా అతని నోటికి 'గారు' వదల్లేదు.

"కెమెరా రాకముందు అక్కయ్య రాకూడదని దణ్ణం పెట్టుకోండి" అంది మృణాళిని. దండలు కాలేజీలో సరస్వతీదేవి పటానికి వేసింది.

*

కెమెరా విదేశీ గోదాముకి చేరిందని తెలిసి మళ్ళీ వెళ్ళారు. దక్షిణామూర్తి గారి ముఖం వెలిగిపోతోంది.

"చేరినది. కానీ బయల్దేరలేదు. బయల్దేరనివ్వను."

"ఏమైందండీ?"

"పెట్టె కిరాయి బరువుని బట్టి కాదమ్మా, పరిమాణాన్ని బట్టి. కెమెరా పిడికెడు. పెట్టె చూడబోతే చిన్న దిండంత. తక్కినదంతా ఏమిటి? గాలి! ఆ గాలికి కూడా మనమే కిరాయి కడుతున్నాము. ప్రభుత్వ ధనంతో గాలి దిగుమతి చేసుకోమంటారా?"

సుదర్శనం తల అడ్డంగా ఊపాడు. ఎవరు ఏది అడిగినా అతనికి ముందు వచ్చే పని అదే.

"అందుకని ఆ ఖాళీలోకి మౌసులు తెప్పించాము" అన్నారు ఆయన.

"మీకున్నది ఒక్క కంప్యూటరేగా, అన్ని మౌసులు ఏం చేసుకుంటారండీ?" అంది మృణాళిని.

"అది వినియోగ దశ. మనమింకా పొదుపు దశ దాటలేదు. మౌసు కొన్నప్పుడల్లా సగం ధర మిగులుతున్నది. కొనకపోతే ఆ మిగులు ఎక్కడినుంచి వస్తుంది?"

ఆ లెక్క ఎంత నున్నగా ఉందంటే, ఎక్కడ పట్టుకోవాలో మృణాళినికి తెలియలేదు. చీరల దుకాణం నుంచి వచ్చేటప్పుడు తనూ ఇంచుమించు ఇదే లెక్క చెప్పుకుంటుంది. కాకపోతే తన దగ్గర రబ్బరు స్టాంపు లేదు.

ఆ సాయంత్రమే బాషా షాపులో కెమెరా తన డబ్బుతో కొని, తెచ్చి బల్ల మీద పెట్టింది. "కానుక అనుకోండి. నా పెళ్ళి అయ్యాక మీరే ఉంచుకోండి."

దక్షిణామూర్తి గారు దాన్ని చేత్తో తాకలేదు. కాగితం మడిచి, దాని అంచుతో అటూ ఇటూ కదిపి చూశారు.

"ఉచితంగా వచ్చిన వస్తువులో పొదుపు ఎంత అని పైవారు అడిగితే ఏమని రాయను? పైగా ఇది అకారణ ఔదార్యము. దాని వెనక కారణం ఉండకపోదు."

"కారణం ఉందండీ. నాకు పెళ్ళి కావాలి."

"అదిగో! చెప్పానా!"

బాషా మంచివాడు కాబట్టి కెమెరా వెనక్కి తీసుకుని, మళ్ళీ సెల్‌ఫోను కవర్ల పక్కనే పెట్టుకున్నాడు.

*

ఆ తరవాత సంగతులు చకచకా నడిచాయి, పెళ్ళి తప్ప.

మౌసులు పట్టగా ఒకటి మిగిలిపోయింది. దానికోసం పెట్టె పెద్దది చేశారు. పెద్ద పెట్టెలో కొత్త ఖాళీ వచ్చింది. అందులోకి కీబోర్డులు కొన్నారు. కీబోర్డు పొడుగు, పెట్టె పొట్టి. మళ్ళీ పెట్టె మార్చారు. ఒక కార్యాలయం నింపగల పెట్టె కాదని తేలాక, పశువైద్యశాల వారు చెవుల్లో పెట్టుకునే స్పీకర్లతో వచ్చి కలిశారు. మత్స్యశాఖ వారు మూడు రంగుల్లో వెలిగే మౌసు పలకలు రాయించారు. వయోజన విద్య వారికి కంప్యూటరు లేదు. అయినా పొదుపులో వెనకబడకూడదని వైర్లు కొన్నారు. చివరికి పెట్టెలన్నీ కలిసి ఓడ మీద వచ్చే ఇనుప కంటైనరు అయ్యాయి. దక్షిణామూర్తి గారి అధ్యక్షతన ఖాళీ నివారణ సంఘం ఏర్పడింది. గోడ మీద, పెళ్ళి నోటీసుల పక్కనే, ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు వెలిసింది: 'గాలి దిగుమతి చేసుకోరాదు'.

ఇంతలో మృణాళిని సాక్షుల్లో ఒకాయనకి బదిలీ అయింది. ఒకావిడ కూతురి పురిటికని వెళ్ళింది. మూడో ఆయన, ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ఊరికే తిరిగి వెళ్ళలేనని అలిగాడు.

"సందులు, అమ్మా, సందులు!" అన్నారు దక్షిణామూర్తి గారు, ఈసారి ఆమె వెళ్ళేసరికి. మనిషి చిక్కిపోయారు. "మౌసులు గుండ్రంగా ఉండడం వల్ల మధ్యలో సందులు వస్తున్నవి. వైర్లు కుక్కించాము. అయినా సన్నసన్నని సందులు మిగిలే ఉన్నవి. రాత్రి కళ్ళు మూస్తే అవే కనబడుతున్నవి."

మృణాళినికి ఓపిక అయిపోయింది. ఓపిక అయిపోయినప్పుడు ఆమె గొంతు మరీ మెత్తబడుతుంది.

"గోధుమపిండి పోయించండి. ఎంత సందులోకైనా దూరుతుంది."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని రాసుకున్నారు. "పిండి... కంప్యూటరు ఉపకరణముల కిందికి వచ్చునా రాదా... స్పష్టత కోరుతూ పైకి రాయవలెను. మంచి మాట చెప్పారమ్మా. పౌరుల భాగస్వామ్యం అంటే ఇది."

బయటికొచ్చాక సుదర్శనం అన్నాడు, "మీరలా సలహాలివ్వకండి మృణాళిని గారూ. వాళ్ళు పాటిస్తారు."

*

గడువుకి ఒక్కరోజు మిగిలి ఉండగా కనకవల్లి అక్కయ్య కాశీనుంచి దిగింది. తమ్ముడికి గంగ చెంబు ఇచ్చి, ఊళ్ళో ఎవరో చెవిన వేసిన సంగతి అడిగి, సమాధానం వినకుండానే మంచమెక్కింది. రేపటితో నోటీసు మురిగిపోతుందని కూడా ఎవరో చెప్పారు కాబట్టి, ఆ మంచం మీద కాస్త స్థిమితంగానే పడుకుంది.

సుదర్శనం వచ్చి సంగతి చెప్పేసరికి మృణాళిని బాషా షాపులో స్టూలు మీద కూర్చుని కెమెరా వైపు చూస్తోంది. కెమెరా ఆమె వైపు చూస్తోంది. ఇద్దరికీ బాగా చనువైపోయింది.

"పోనీలెండి మృణాళిని గారూ" అన్నాడు సుదర్శనం. "మన రాత అంతే అనుకుందాం. మీరు మందులు మాత్రం మానకండి."

ఆ మాటకి ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతో పాటు తుమ్ము కూడా వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ, ఏదో ఒకటి అడగాలి గనక అడిగింది. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది బాషా గారూ?"

"ఏది, కెమెరానాండీ? చైనాదమ్మగారూ. ఓడ మీద హార్బరుకొస్తాది, ఆణ్ణుంచి లారీ. మా షాపులోళ్ళందరం కలిసి కంటైనరు మాట్టాడుకుంటామండి."

"నిండా నింపుతారా?"

"భలేవోరే! డబ్బులు పోసి ఖాళీ ఎవడు తెచ్చుకుంటాడండి?"

మృణాళిని స్టూలు మీంచి లేచింది. "సుదర్శనం గారూ, రేపు పట్టుచీర కట్టుకోనా, నేతచీర కట్టుకోనా?"

*

మర్నాడు దక్షిణామూర్తి గారి ఎదురుగా కూర్చుని, ఆయన భాషలోనే మొదలుపెట్టింది.

"అయ్యా, తమ కార్యాలయానికి ఒక శుభవార్త. ఒక కెమెరా విదేశంలో బయల్దేరి, తోటి సరుకులతో కలిసి, ఏ మాత్రం ఖాళీ లేని కంటైనరులో సముద్రం దాటి వచ్చినది. ప్రస్తుతం ఒక మధ్యవర్తి గోదాములో ఆగి యున్నది."

దక్షిణామూర్తి గారు కుర్చీ అంచుకి జరిగారు. "ఎక్కడమ్మా ఆ గోదాము?"

"రోడ్డుకి అవతల."

ఆయన కిటికీ వైపు చూశారు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"అంటే... అది స్థానికం కాదా?"

"అక్కడ ఆగింది గానీ అక్కడిది కాదండీ. ఇంకా ప్రయాణంలోనే ఉంది. ఆఖరి అంచె ఒక్కటే మిగిలింది. రోడ్డు దాటడం."

ఆయన కాగితం తీసుకుని ఒక పక్క సముద్రం కిరాయీ, ఇంకో పక్క రోడ్డు దాటే కిరాయీ వేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు. మిగిలిన అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఉద్యోగం మొత్తంలో అంత పొదుపు ఎన్నడూ ఎరగరు.

"కానీ" అన్నారు. మృణాళిని ఈ 'కానీ' కోసమే ఎదురుచూస్తోంది. "సరుకుని చేత్తో తేరాదు. రవాణా వాహనం ఉండవలెను. వాహనంలో ఖాళీ ఉండరాదు."

"ఉండదండీ."

అరటిపళ్ళు తోలే సింహాద్రి రిక్షాబండి మాట్లాడారు. బండి మధ్యలో కెమెరా పెట్టారు. పెడితే, బండంతా ఖాళీ. కిటికీలోంచి దక్షిణామూర్తి గారు చెయ్యి అడ్డంగా ఊపారు. కెమెరాని ఒళ్ళో పెట్టుకుని మృణాళిని ఎక్కి కూర్చుంది. ఆమె పక్కన సుదర్శనం కూర్చున్నాడు. ఇద్దరి చుట్టూ ఇంకా ఖాళీ ఉందని సైగ వచ్చింది. దండలు, పళ్ళగెల, పూలబుట్ట, వెనక అంచున కాళ్ళు వేలాడేసుకుని బాషా. అప్పుడు గానీ కిటికీలో చెయ్యి నిలువుగా ఊగలేదు.

"ఏటండీ ఇది, సరుకా, ఊరేగింపా?" అన్నాడు సింహాద్రి.

"నువ్వు తొక్కు నాయనా" అంది మృణాళిని.

రోడ్డు మధ్యలో డివైడరు ఉంది. కాబట్టి అటు పక్కనుంచి ఇటు పక్కకి రావాలంటే, గడియారస్తంభం దాకా వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి. బండి బజారులోంచి వెళ్ళింది. పట్టుచీరలో ఆడమనిషి, పక్కన తల వంచుకున్న డాక్టరు గారు, పళ్ళగెల. చూసినవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఎవరో పిల్లలు గుప్పెడు పూలు విసిరారు. పెళ్ళిళ్ళకి వాయించి ఇంటికి పోతున్న బ్యాండు వాళ్ళు, ఊరికే ఉండలేక, నాలుగు వీధుల దాకా వాయిస్తూ వచ్చారు. మంచం దిగి వచ్చి కూరగాయల మార్కెట్లో వంకాయలు బేరం చేస్తున్న కనకవల్లి అక్కయ్య, బ్యాండు విని తలెత్తింది.

"ఒరేయ్ సుదర్శనం!"

"తొక్కవయ్యా తొక్కు!" అన్నాడు సుదర్శనం. గొంతు అంత గట్టిగా ఎత్తడం అతని జీవితంలో రెండో ధైర్యం.

*

కెమెరా కంప్యూటరు నెత్తికెక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. దండలు మార్చుకున్నారు. సాక్షుల గడుల్లో బాషా ఒక సంతకం, సింహాద్రి ఒక సంతకం పెట్టారు. మూడో గడి ఖాళీ.

దక్షిణామూర్తి గారు ఆ గడి వైపు బాధగా చూసి, తెర వైపు తిరిగారు. అక్కడ ఇంకా బాధ. ఫోటో చట్రంలో వధూవరులు మధ్యలో ఉన్నారు. కుడివైపు ఖాళీ, ఎడమవైపు ఖాళీ.

"ఇంత స్థలం వృథాగా పోవలసినదేనా? బాషా, మీరు కుడివైపు రండి. సింహాద్రీ, ఆ వెనక నిలబడు. నేనిలా వంగెదను. ఎడమవైపు... ఎడమవైపు ఒక మనిషి పట్టు చోటున్నది..."

"ఆపండి!"

గుమ్మంలో కనకవల్లి అక్కయ్య. వంకాయల సంచీ చేతిలోనే ఉంది. రొప్పుతోంది.

"నాకు అభ్యంతరం ఉంది!"

సుదర్శనం మెడ దండలోకి కుంగిపోయింది. మృణాళిని అతని చెయ్యి పట్టుకుంది. అభ్యంతరాల గడువు ఎప్పుడో దాటినా, అక్కయ్య ఎదురుగా అతను నిలబడలేడు, ఇంక లాభం లేదని ఆమెకీ అనిపించింది.

దక్షిణామూర్తి గారు మాత్రం అక్కయ్యని పైనుంచి కిందికీ, ఈ భుజం నుంచి ఆ భుజానికీ కళ్ళతో కొలుస్తున్నారు. ఆయన ముఖంలోకి నెమ్మదిగా వెలుగొచ్చింది.

"సరిగ్గా సరిపోతారు. అమ్మా, తమరు ముందు ఆ ఎడమవైపు నిలబడండి. అభ్యంతరం తరవాత వింటాను. సంచీ కింద పెట్టనక్కర్లేదు, కిందివైపు కూడా ఖాళీ ఉన్నది."

ప్రభుత్వ గొంతుతో నిలబడమంటే నిలబడని మనిషి చింతలరేవులో లేదు. ఆవిడ నిలబడింది. పక్కనున్న తమ్ముడి దండ వంకరగా ఉంటే, చెయ్యి ఊరుకోక, సర్దింది. కంప్యూటరు టిక్కుమంది.

తెరమీద ఫోటో పడింది. సూది మోపే సందు లేదు. అందరూ ముందుకి వంగి చూశారు.

"ఇప్పుడు చెప్పండమ్మా, తమ అభ్యంతరమేమి?" అన్నారు దక్షిణామూర్తి గారు కలం తీసుకుని.

కనకవల్లి అక్కయ్య తెరకేసి చూస్తూ ఉండిపోయింది. దండతో ఉన్న తమ్ముణ్ణి చూసింది. ఇరవయ్యేళ్ళుగా తను చూడకుండా వాయిదా వేస్తూ వచ్చిన ఫోటో అది. పక్కనున్న మనిషి పొట్టీ కాదు, నవ్వితే చిగుళ్ళూ కనబడలేదు. చదువు మాత్రం కాస్త ఎక్కువే అనిపించింది. ఆ తరవాత ఆవిడ చూపు ఎడమవైపుకి జరిగింది.

"ఇదేవిటీ, నేను కళ్ళు మూసుకున్నాను!"

"అదేనా అభ్యంతరం?" అంది మృణాళిని, మెత్తగా.

"అదే మరి! పెళ్ళి ఫోటోలో ఆడపడుచు నిద్రపోతున్నట్టుంటే జనం ఏమనుకుంటారు? రాసుకోండి బాబూ. ఇంకోటి తీయండి. సుదర్శనం, ఈ సంచీ నువ్వు పట్టుకో, వంకాయలు కనబడుతున్నాయి."

ఇంకోటి తీశారు. అది ఆవిడకి నచ్చింది. ఆ ఊపులోనే, ఇదిగో ఇక్కడ ఒక గడి ఖాళీగా ఉన్నదమ్మా అని ఆయన చూపించిన చోట, మూడో సాక్షి సంతకం పెట్టేసింది.

బండి తిరిగి ఖాళీగా వెళ్ళరాదని దక్షిణామూర్తి గారు పట్టుబట్టడంతో, పెళ్ళివారు దాని మీదే ఇంటికి వెళ్ళారు. మధ్యలో అక్కయ్య, అటొకరూ ఇటొకరూ. "కాస్త జరుగు" అని ఇద్దరినీ గదమాయిస్తూనే కూర్చుంది.

ఆ రోజు పొదుపుకి దక్షిణామూర్తి గారికి జిల్లాస్థాయి పతకం ప్రకటించారు. పతకం ఇక్కడ చేయిస్తే ఖరీదెక్కువ కాబట్టి, అదీ విదేశంలోనే చేయించి గోదాముకి పంపారు. కంటైనరులో ఒక మూల అది పట్టేంత చోటు ఉందట. పిండి విషయం కూడా పైనుంచి తేలింది. పిండి కూడదు, రవ్వయితే పరిశీలించవచ్చును.

చింతలరేవుకి ఓడ ఇంకా రాలేదు.